లారీ ఢీకొందా, లారీని ఢీకొన్నాడా? తెలుగు నేర్చుకునేవారితో పత్రికా శీర్షికల పాఠం

తెలుగును రెండో భాషగా నేర్చుకునే పెద్దవాళ్లకు ఒక దశ వస్తుంది. అప్పటికి గుణింతాలు, ఒత్తులు ఇబ్బంది పెట్టవు. రోజువారీ మాటలు నోటికి వస్తుంటాయి. పత్రిక చేతికిస్తే శీర్షికలు గడగడా చదివేస్తారు. అర్థం అడిగితే తడుముకోకుండా చెప్తారు. ఈ తడుముకోకపోవడంతోనే నాకు చిక్కు. చెప్పిన అర్థం తప్పయినా, ఇంకో అర్థానికి చోటున్నా వాళ్లకు అనుమానమే రాదు. మాట తెలియకపోతే నిఘంటువు చూస్తారు. అన్ని మాటలూ తెలిసినప్పుడు ఇక చూసేదేముంది అనుకుంటారు.

అలాంటి ఒక చిన్న బ్యాచ్‌తో కొన్ని వారాల పాటు శీర్షికల మీద చేసిన పని ఇది. తరగతిలో ప్రధానంగా మూడు రకాల వాళ్లు ఉండేవారు. హిందీ మాతృభాషగా ఉన్నవారు కొందరు. వారిలో ఒకావిడ బీమా కంపెనీలో క్లెయిములు చూస్తారు. ఈ కథలో ఆవిడ పాత్ర పెద్దది. తమిళం మాట్లాడేవారు కొందరు. మిగిలినవాళ్లు ఇంట్లో తెలుగు వింటూ పెరిగి, చదవడం మాత్రం ఇప్పుడే నేర్చుకుంటున్న యువకులు. చెవి ఉంది, కన్ను లేదు అనుకోవచ్చు. ఈ మూడు రకాలూ మూడు రకాలుగా పొరబడ్డాయి. అది ముందుగా ఊహించినది కాదు.

మొదటి కాగితం

"ఈ శీర్షికకు రెండు అర్థాలు ఉన్నాయి, కనిపెట్టండి" అని నేను మొదలుపెట్టలేదు. అలా అడిగితే పాఠం పొడుపుకథల పోటీ అయిపోతుంది. ఒక కాగితం మీద కొన్ని శీర్షికలు ఇచ్చి, "వార్తలో ఏం జరిగి ఉంటుందో ఒక్కోదానికి ఒక పూర్తి వాక్యం రాయండి" అన్నాను, అంతే. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవి వాక్యంలో కనిపించాలి.

శీర్షికలు పత్రికల తరహాలో నేనే రాసుకున్నవి. దానికి కారణం ఉంది. నిజమైన శీర్షిక ఇస్తే ఆ వార్త ముందే విన్నవాళ్లు భాషతో పని లేకుండా జవాబు చెప్పేస్తారు. పైగా పక్కన ఫొటో, కింద ఉపశీర్షిక ఉంటాయి. తరగతికి కావలసింది ఏ ఆసరా లేని వాక్యం.

కాగితంలో ఒకటి ఇది:

వదిలేసిన తల్లి కోసం గాలింపు

ఒకరు రాసింది: "బిడ్డను వదిలేసి వెళ్లిన తల్లి కోసం పోలీసులు వెతుకుతున్నారు." ఇంకొకరు రాసింది: "కొడుకులు ముసలి తల్లిని ఎక్కడో వదిలేశారు, ఇప్పుడు ఆవిడ కోసం వెతుకుతున్నారు." రెండూ బోర్డు మీద పక్కపక్కన రాశాను. ఎవరి వాక్యం వాళ్లకు సహజంగా ఉంది, ఎదుటివాళ్లది వింతగా ఉంది. "అలా ఎలా వస్తుంది సార్?" అని ఇరువైపుల నుంచీ అడిగారు. ఒకదాంట్లో తల్లి దోషి, ఇంకోదాంట్లో బాధితురాలు. ఒకే శీర్షిక.

తెలుగు క్రియాజన్య విశేషణం పని తీరే అంత. 'వదిలేసిన' అన్న మాట తన తర్వాత వచ్చే నామానికి విశేషణం అవుతుంది కానీ, ఆ నామం పని చేసిందా, పని దాని మీద జరిగిందా అన్నది చెప్పదు. 'రాసిన కవి', 'రాసిన కవిత', 'రాసిన కలం' అన్నింటికీ అదే 'రాసిన'. ఎవరికి ఏ పాత్రో మిగతా మాటలు చెప్పాలి. 'బిడ్డను వదిలేసిన తల్లి' అంటే ఒక పాత్ర నిండిపోయింది కాబట్టి తల్లికి రెండోదే మిగిలింది. శీర్షికలో చోటు లేక ఆ 'బిడ్డను' ఎగిరిపోతే సందిగ్ధం వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడే మాతృభాషల తేడా బయటపడింది. హిందీ వాళ్లు ఈ నిర్మాణం దగ్గర ఆగారు. వాళ్ల భాషలో చంపే పులి 'మార్‌నే వాలా', చంపబడిన పులి 'మారా గయా'. రూపమే వేరు కాబట్టి తెలుగు చదివేటప్పుడు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. తేల్చుకుంటున్నామన్న ఎరుక కొంతైనా ఉంటుంది. తమిళం వాళ్లు మాత్రం నున్నగా జారిపోయారు. వాళ్ల భాషలోనూ ఇదే నిర్మాణం, ఇదే సందిగ్ధం. అలవాటైన దారి కాబట్టి గుంత కనపడలేదు. చిత్రమేమిటంటే ఈ గుంతను తమిళ వైయాకరణులు ఎప్పుడో గుర్తించి పేరు పెట్టారు. 'పులి కొల్ యానై' వాళ్ల సంప్రదాయంలో పాత ఉదాహరణ. పులి చంపిన ఏనుగా, పులిని చంపిన ఏనుగా? ఈ ఉదాహరణ బోర్డు మీద రాశాక తమిళ విద్యార్థుల్లో ఒకాయన, "ఇది మా బడిలో చెప్పారండీ, పరీక్షకు చదివి మర్చిపోయాను" అన్నారు. భాష దగ్గరైతే నేర్చుకోవడం తేలిక అంటారు. నిజమే కానీ, సందిగ్ధాన్ని పట్టుకోవడంలో మాత్రం దగ్గరితనం అడ్డు పడుతుంది. ఇంట్లో తెలుగు విన్నవాళ్లదీ ఇదే తంతు.

ఇంగ్లిష్ పాఠాలు ఎందుకు పనికిరాలేదు

ఇంగ్లిష్ నేర్పేవాళ్ల దగ్గర ఈ విషయం మీద తయారు సరుకు చాలా ఉంది. 2009లో ఒక శీర్షిక పుణ్యమా అని ఇలాంటి వాటికి 'క్రాష్ బ్లాసమ్స్' అని పేరు కూడా వచ్చింది. 'వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్' అన్నది ఆ శీర్షిక. 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ (జేఏఎల్) విమానం కూలి 520 మంది చనిపోయారు. ఆ ప్రమాదంతో సంబంధం ఉన్న ఒక వయొలిన్ కళాకారిణి రాణిస్తోందన్నది వార్త. చదివినవాళ్లకు మాత్రం ఈ 'క్రాష్ బ్లాసమ్స్' అనే పువ్వులేమిటా అనిపించింది. అక్కడ 'బ్లాసమ్స్' నామమూ కావచ్చు, క్రియా కావచ్చు. ఇంగ్లిష్ శీర్షికలు ఆర్టికల్స్‌నూ సహాయక క్రియలనూ కోసేస్తాయి కాబట్టి, ఏ మాట నామమో ఏది క్రియో తేలక గందరగోళం పుడుతుంది.

తెలుగులో ఈ రోగం దాదాపు లేదు. మన క్రియకు దాని రూపం దానికుంది, నామంతో కలిసిపోదు. మన సందిగ్ధాలు వేరే చోట్ల పుడతాయి. విభక్తి ప్రత్యయం జారిపోయిన చోట, విశేషణం ఏ నామానికి అతుక్కుందో తెలియని చోట, ఒకే ప్రత్యయం రెండు పనులు చేసే చోట. ఆ పాఠాలను తెలుగులోకి దించుకుంటే లేని జబ్బుకు మందు వేసినట్టే. అందుకే అభ్యాసాలన్నీ తెలుగు వ్యాకరణం నుంచే కట్టుకోవలసి వచ్చింది.

చెట్టు, లారీ, ఆగి ఉన్న లారీ

అన్నింటికంటే బాగా పనిచేసిన పాఠం ఇది. బోర్డు మీద రెండు శీర్షికలు రాశాను.

చెట్టు ఢీకొని యువకుడి మృతి

లారీ ఢీకొని యువకుడి మృతి

"మొదటిదాంట్లో చెట్టు వచ్చి గుద్దిందా?" అన్నాను.

నవ్వారు. "లేదు సార్, అతనే వెళ్లి చెట్టును గుద్దాడు."

"మరి రెండోదాంట్లో?"

"లారీయే అతన్ని గుద్దింది."

"రెండు శీర్షికల్లో తేడా ఏముంది?"

"చెట్టు, లారీ. అంతే."

"మరి గుద్దింది ఎవరో మారిపోయింది కదా. ఆ సంగతి శీర్షికలో ఎక్కడ రాసి ఉంది?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బీమా కంపెనీ ఆవిడ నెమ్మదిగా, "రాసి లేదండీ. చెట్టు కదలదని మనకు తెలుసు కాబట్టి మనమే వేసుకున్నాం" అన్నారు. నేను చెప్పాల్సిన వాక్యం ఆవిడే చెప్పేశారు.

తర్వాత మూడోది రాశాను: 'ఆగి ఉన్న లారీ ఢీకొని యువకుడి మృతి'. వెంటనే అందరూ అర్థం మార్చేశారు. ఆగి ఉన్నది గుద్దలేదు కాబట్టి యువకుడే గుద్దాడు. వ్యాకరణం మారలేదు, మారింది లోకజ్ఞానం. ఇక నాలుగోది: 'బైక్ ఢీకొని యువకుడి మృతి'. నడిచిపోతున్న యువకుణ్ణి బైక్ గుద్దిందా, అతను నడుపుతున్న వాహనం ఇంకో బైక్‌ను గుద్దిందా? ఇక్కడ లోకజ్ఞానం చేతులెత్తేసింది. తరగతి రెండుగా చీలింది. బీమా ఆవిడకు టెన్షన్ మొదలైంది. "మా దగ్గరైతే డబ్బు ఎవరు కట్టాలన్నది దీని మీదే తేలుతుంది. పేపర్ కటింగ్ పెట్టి క్లెయిమ్ అడిగితే నేనేం చేయాలి?" అన్నారు. పేపర్ కటింగ్ చూసి ఎవరూ క్లెయిమ్ ఇవ్వరనుకోండి, ఆవిడకూ ఆ సంగతి తెలుసు. కానీ అర్థం మారితే లోకంలో ఏదో మారుతుందన్న సంగతి ఆ ఒక్క మాటతో అందరికీ అంటింది.

ఆ తర్వాతే వ్యాకరణం చెప్పాను. రెండు వదులు ముళ్లు ఒకే చోట పడ్డాయి. మొదటిది, ప్రాణం లేని వస్తువుల పేర్లకు తెలుగులో 'ను/ని' పెట్టకపోయినా నడుస్తుంది. 'పుస్తకం చదివాను' అంటాం, 'పుస్తకాన్ని' అనక్కర్లేదు. మనిషికి మాత్రం పెట్టి తీరాలి. అందుకే 'యువకుడిని ఢీకొని' అన్నప్పుడు అనుమానం రాదు, 'లారీ ఢీకొని' అన్నప్పుడు లారీ కర్తో కర్మో తెలియదు. రెండోది, 'ఢీకొని' లాంటి క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ) ప్రధాన క్రియకూ కర్త ఒకరే అని పాఠాల్లో నేర్పుతాం. 'అన్నం తిని వెళ్లాడు' అంటే తిన్నదీ వెళ్లిందీ ఒకరే. కానీ కారణం చెప్పేటప్పుడు ఆ నియమం సడలుతుంది. 'వర్షం పడి పంట పాడైంది' అంటే పడింది వర్షం, పాడైంది పంట. కాబట్టి గుద్దినవాడూ పోయినవాడూ ఒకరే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఈ రెండు సడలింపులూ విడివిడిగా అందరికీ తెలిసినవే. కలిస్తే ఏమవుతుందో ఎవరూ చూసుకోరు.

పాఠ్యపుస్తకం ద్వితీయా విభక్తిని ఒక పట్టికలో పెట్టి వదిలేస్తుంది. 'ని' ఉంటే ఏమిటో చెప్తుంది కానీ లేకపోతే ఏమవుతుందో చెప్పదు. నా అభిప్రాయంలో ఒక ప్రత్యయం విలువ తెలిసేది అది జారిపోయిన చోటే.

ఈ సందర్భంలోనే 'యువకుడు మృతి' అన్న రూపం చర్చకు వచ్చింది. పత్రికల్లో ఇది కోకొల్లలు. పుస్తకం లెక్కన 'యువకుడి మృతి' అనాలి, లేదా 'యువకుడు మృతిచెందాడు' అనాలి. శీర్షికల భాషకు దాని పద్ధతి దానికుందని చెప్పి ముందుకు వెళ్లాను. ఇది సందిగ్ధం కాదు, ఒట్టి కుదింపు.

వంతెనపై ఆందోళన

తర్వాతి వారం ఒకే ఒక్క శీర్షికతో గడిచింది.

వంతెనపై గ్రామస్థుల ఆందోళన

'పై' అంటే చోటూ కావచ్చు, విషయమూ కావచ్చు. వంతెన మీద నిలబడి చేస్తున్నారా, వంతెన గురించి చేస్తున్నారా? దానికి తోడు 'ఆందోళన' అంటే నిరసనా కావచ్చు, గుబులూ కావచ్చు. కాగితం మీద లెక్క నాలుగు అర్థాలు. వంతెన ఎక్కి నిరసన, వంతెన విషయమై నిరసన, వంతెన విషయమై గుబులు, వంతెన మీద నిలబడి గుబులు. నాలుగోదానికి అందరూ నవ్వారు. అయితే వరదల సమయంలో జనం వంతెన మీద నిలబడి నీళ్లకేసి చూస్తూ భయపడే దృశ్యం ఊహించవచ్చని ఒకమ్మాయి వాదించింది. నేను కాదనలేదు.

ఇక్కడ జట్లుగా పని చేయించాను. ప్రతి జట్టుకూ ఒక అర్థం ఇచ్చి, వార్తలో మొదటి వాక్యం రాయమన్నాను. 'వంతెన ఎక్కి నిరసన' జట్టు ట్రాఫిక్ ఆగిపోయిందని రాసింది. 'వంతెన విషయమై గుబులు' జట్టు పిల్లర్లకు పగుళ్లు వచ్చాయని రాసింది. తర్వాత వాక్యాలు మార్చుకుని, ఏ వాక్యం ఏ అర్థానికి చెందిందో గుర్తుపట్టమన్నాను. శీర్షిక నుంచి వార్త ఊహించడం, వార్త నుంచి శీర్షిక అర్థం తేల్చడం ఒకే అభ్యాసంలో రెండు వైపులా జరిగాయి. నిజజీవితంలో పాఠకుడు చేసేది రెండోదే. శీర్షికలో అనుమానం ఉంటే వార్తలోని మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ తేల్చేస్తుంది. ఫోన్‌లో నోటిఫికేషన్‌గా వచ్చే శీర్షికకు ఆ ఆసరా లేదు, అది వేరే సంగతి.

'రోడ్డుపై ధర్నా' కూడా ఇదే కుటుంబం. రోడ్డు మీద కూర్చున్నారా, రోడ్డు కోసం కూర్చున్నారా? చాలాసార్లు రెండూ నిజమే. రోడ్డు బాగాలేదని రోడ్డు మీదే కూర్చుంటారు. అలాంటప్పుడు సందిగ్ధం ఉండీ నష్టం లేదు.

గొంతు తేల్చేవి, తేల్చనివి

పాత విద్యార్థుల వసతిగృహం కూల్చివేత

పాతది వసతిగృహమా, పాతవారు విద్యార్థులా? ఇంట్లో తెలుగు విన్న యువకులు ఇక్కడ మెరిశారు. 'పాత' దగ్గర చిన్న విరామం ఇచ్చి ఒకసారి, 'విద్యార్థుల' తర్వాత విరామం ఇచ్చి ఒకసారి చదివి వినిపించారు. రెండు అర్థాలు చెవికి విడివిడిగా అందాయి. దాంతో పాత శీర్షికలన్నీ మళ్లీ బయటికి తీసి, వేటిని గొంతుతో విడగొట్టవచ్చో, వేటిని విడగొట్టలేమో చూశాం. 'వంతెనపై ఆందోళన'ను ఎన్ని రకాలుగా పలికినా అర్థం తేలదు. 'బైక్ ఢీకొని' కూడా అంతే. మాట దేనికి అతుక్కుందన్న అనుమానమైతే విరామం తీరుస్తుంది. మాట ఏ పని చేస్తోందన్న అనుమానమైతే విరామం ఏమీ చేయలేదు. ఈ విభజన నేర్చుకునేవారికి వ్యాకరణ పదజాలం కంటే ఎక్కువ ఉపయోగపడింది. ఎందుకంటే నోటితో పరీక్షించి చూసుకోవచ్చు.

పత్రికలో విరామం పని కొంత వరుస విరుపు చేస్తుంది. పై శీర్షికను రెండు వరుసల్లో పెట్టాల్సి వచ్చి, 'పాత విద్యార్థుల' మొదటి వరుసలో ఉంటే కన్ను ఆ రెంటినీ కలిపేస్తుంది. పేజీ పెట్టేవాళ్లు అర్థం చూసి విరుస్తారో, కాలమ్ వెడల్పు చూసి విరుస్తారో పాఠకుడికి తెలియదు.

సంఖ్యావాచకాలదీ ఇదే కథ. 'ఇద్దరు మంత్రుల కుమారులకు నోటీసులు' అంటే ఇద్దరన్నది మంత్రులా, కుమారులా? నిషేధార్థం మాత్రం ఇంకో రకం. 'అందరికీ అందని సాయం' అంటే కొందరికే అందిందనా, ఎవరికీ అందలేదనా? ఇది ప్రభుత్వానికీ ప్రతిపక్షానికీ మధ్య గొడవ తెచ్చే తేడా. హిందీ, తమిళ, తెలుగు చెవులన్నీ మొదట 'కొందరికే' అనే అన్నాయి. రెండో అర్థం చూపిస్తే, అవును అలా కూడా అనొచ్చు అన్నాయి.

అనుమానపు జ్వరం

కొన్ని పాఠాలయ్యాక తరగతికి అనుమానం జబ్బులా పట్టుకుంది. కనపడిన ప్రతి శీర్షికకూ రెండు అర్థాలు తీసుకొచ్చేవారు. 'ఏనుగుల దాడి' అంటే ఏనుగులు దాడి చేశాయా, ఏనుగుల మీద దాడి జరిగిందా అని ఒకరు. 'కొత్త వంతెన ప్రారంభం' అంటే ప్రారంభమైందా, కాబోతోందా అని ఇంకొకరు. 'కత్తితో దొంగను అడ్డుకున్న వృద్ధుడు' అంటే కత్తి ఎవరి చేతిలో ఉందని మరొకరు.

ఈ మూడూ మూడు వేర్వేరు జవాబులు కోరతాయి. 'ఏనుగుల దాడి'లో షష్ఠి కర్తకే చెందుతుంది. దాడికి గురైనవారిని చెప్పాలంటే 'ఏనుగులపై దాడి' అని రూపమే వేరుగా ఉంది కాబట్టి అక్కడ సందిగ్ధం లేదు. దాని పక్కనే 'ఉపాధ్యాయుల మూల్యాంకనం' పెట్టి చూపించాను. అది నిజంగా రెండు వైపులా తిరుగుతుంది. ఉపాధ్యాయులు పేపర్లు దిద్దుతున్నారా, ఉపాధ్యాయులనే ఎవరైనా అంచనా వేస్తున్నారా? 'కొత్త వంతెన ప్రారంభం'లో ఉన్నది సందిగ్ధం కాదు, సమాచారం లోపం. ఎప్పుడో చెప్పలేదు, అంతే. చెప్పకపోవడం వేరు, రెండుగా చెప్పడం వేరు. ఈ రెండూ విడదీయలేకపోతే ప్రతి వాక్యమూ సందిగ్ధంగానే కనిపిస్తుంది. ఏ వాక్యమూ అన్నీ చెప్పదు కదా.

మూడోది నాకు ఇష్టమైనది. కత్తి దొంగ చేతిలో ఉండొచ్చన్న ఆలోచన వచ్చింది ఇంగ్లిష్ ఎక్కువగా చదివినవాళ్లకే. అక్కడ అలాంటి పదబంధం నామానికీ అతుక్కుంటుంది, క్రియకూ అతుక్కుంటుంది. తెలుగులో 'కత్తితో' క్రియ వైపే పోతుంది. దొంగకు అతకాలంటే 'కత్తితో ఉన్న దొంగను' అనో, 'కత్తితో వచ్చిన దొంగను' అనో మధ్యలో ఒక విశేషణం పడాల్సిందే. కాబట్టి కత్తి వృద్ధుడి చేతిలోనే ఉంది. లేని సందిగ్ధాన్ని లేదని చెప్పగలగడం కూడా భాష వచ్చినట్టే లెక్క. కొందరికి ఇది ఒంటబట్టడానికి ఎక్కువ సమయం పట్టింది. అనుమానించడం నేర్చుకున్నాక మానడం కష్టం.

మరమ్మతు

ఈ దశలో మార్కులిచ్చే పద్ధతి మార్చాను. రెండు అర్థాలు చెప్తే మార్కు లేదు. శీర్షికను రెండుసార్లు తిరగరాయాలి. ఒకసారి మొదటి అర్థం మాత్రమే వచ్చేలా, ఇంకోసారి రెండోది మాత్రమే వచ్చేలా. పొడవు శీర్షికకు తగినంతే ఉండాలి. మార్పు వీలైనంత చిన్నదిగా ఉండాలి.

జ్వరం తగ్గించింది ఇదే. నిజమైన సందిగ్ధమైతే ఎక్కడ ఏ మాట మార్చాలో చేతికి దొరుకుతుంది. ఊహించుకున్నదైతే దొరకదు. 'ఏనుగుల దాడి'ని ఏనుగులే చేశాయని వచ్చేలా మార్చండి అంటే మార్చడానికి ఏమీ లేదు, అప్పటికే అలా ఉంది.

కొన్ని మరమ్మతులు ఒక్క అక్షరంతో అయిపోయాయి. 'బైక్ ఢీకొని'ని 'బైక్‌ను ఢీకొని' చేస్తే ఒక అర్థం మూసుకుపోతుంది. కొన్ని మాటను జరిపితే చాలు: 'విద్యార్థుల పాత వసతిగృహం కూల్చివేత'. రెండో వైపు కావాలంటే 'పాత' తీసేసి 'పూర్వ విద్యార్థుల' అంటే సరి. 'అందరికీ అందని సాయం' చక్కగా రెండుగా విడిపోతుంది. 'కొందరికే అందిన సాయం', 'ఎవరికీ అందని సాయం'. 'వంతెనపై ఆందోళన'కు మాటే మార్చాలి. నిరసన అయితే 'రాస్తారోకో', గుబులైతే 'ఆందోళనలో గ్రామస్థులు'.

మంత్రుల శీర్షిక దగ్గర అందరూ ఇరుక్కున్నారు. 'మంత్రుల కుమారులిద్దరికి నోటీసులు' అని ఒక వైపు తేలిగ్గా వచ్చింది. రెండో వైపు, అంటే ఇద్దరన్నది మంత్రులే అని, అదే అచ్చులో రాలేదు. చాలా గుంజాటన తర్వాత బీమా ఆవిడ 'కుమారులకు నోటీసులు: చిక్కులో ఇద్దరు మంత్రులు' అని రాశారు. వార్త ఎవరిదన్నది కూడా మారిపోయిందని ఒకరు అభ్యంతరం చెప్పారు. అది నిజమే. కొన్ని సందిగ్ధాలను తీయాలంటే వాక్యం మొత్తం విప్పి మళ్లీ కట్టాలి, అప్పుడు ఒత్తు ఎక్కడో ఒక చోట జరుగుతుంది. డెస్కులో కూర్చున్నవాళ్లు రోజూ పడే పాట్లు ఇవే కాబోలు.

చెక్, షాక్

ఇవన్నీ పొరపాటున పుట్టేవి. కావాలని పెట్టేవి వేరే జాతి. 'దళారులకు చెక్' అంటే అడ్డుకట్ట. మరి 'రైతులకు చెక్' అంటే? డబ్బు అందిందా, అడ్డుకట్ట పడిందా? డబ్బుకైతే 'చెక్కు' అని రాయడం వాడుక. కానీ అందరూ పాటించరు. 'విద్యుత్ వినియోగదారులకు షాక్' అంటే చార్జీలు పెరిగాయని. ఆ మాటను ఏరికోరి పెట్టింది తీగల షాక్ గుర్తు రావాలనే.

మన అలంకారశాస్త్రం ఈ రెంటినీ ఎప్పుడో విడదీసింది. కోరి తెచ్చిన రెండర్థాలు శ్లేష, అది అలంకారం. కోరకుండా వచ్చిపడి పాఠకుణ్ణి ఎటూ తేల్చుకోనివ్వనిది సందిగ్ధం, అది దోషాల జాబితాలో ఉంది. తరగతిలో ఈ రెండు పేర్లూ వాడాను, అందరికీ నచ్చాయి. అయితే శ్లేషను గుర్తించడంలో ఇంట్లో తెలుగు విన్నవాళ్లు అందరికంటే ముందున్నారు, ఎలా తెలిసిందో చెప్పడంలో అందరికంటే వెనకున్నారు. హిందీ వాళ్లు వ్యాకరణం అంతా చెప్పి, నవ్వాల్సిన చోట నవ్వేవారు కాదు. శ్లేష మీద ఎక్కువ సమయం పెట్టలేదు. అది వినికిడితో వచ్చేది, అభ్యాసాలతో రప్పించడం కష్టం.

చివరి పని, ఫలితం

చివర్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు పత్రిక తెచ్చుకుని, అందులోంచి అనుమానం కలిగించిన ఒక శీర్షిక ఎంచుకోవాలి. రెండు పూర్తి వాక్యాలుగా విప్పాలి, గొంతు తేలుస్తుందో లేదో చెప్పాలి, రెండు వైపులా మరమ్మతు చేయాలి, ఆ తర్వాతే వార్త చదివి ఏది నిజమో చూసుకోవాలి. ముందే వార్త చదివితే కన్ను ఇక రెండో అర్థాన్ని చూడనివ్వదు. ఈ వరుస తప్పనివ్వలేదు.

క్రియాజన్య విశేషణాల మీద హిందీ వాళ్ల పని అందరికంటే పదునుగా వచ్చింది. తమిళం వాళ్లు వాటి దగ్గర చివరి దాకా ఇబ్బంది పడ్డారు కానీ, ప్రత్యయం జారిన చోట్లు బాగా పట్టుకున్నారు. యువకుల బలం విశేషణం అతుకుల దగ్గర. ఎవరూ ఏమీ దొరకలేదని ఖాళీ కాగితం ఇవ్వలేదు. మొదటి వారంతో పోలిస్తే అందరి చదువు నెమ్మదించింది. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. "ఇదివరకు పేజీ అంతా చదివేవాణ్ణి, ఇప్పుడు మొదటి శీర్షిక దగ్గరే ఉంటున్నాను" అన్నారు తమిళ పెద్దాయన. ఆ వేగం కొంతకాలానికి తిరిగి వస్తుందని చెప్పాను. కొందరికి వచ్చింది కూడా. అది అన్నీ సరిగ్గా చదివే వేగమో, అనుమానం మానేసిన వేగమో చూడటానికి, మొదటి కాగితాన్నే మాటలు మార్చి మళ్లీ ఇచ్చాను. ఈసారి చాలామంది వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టి, రెండో వాక్యం కూడా అడగకుండానే రాశారు. ఇద్దరు ముగ్గురు మాత్రం మునుపటిలాగే ఒక్క వాక్యంతో, ఏ తడుములాటా లేకుండా ముగించారు.

ఇప్పుడు కొత్త బ్యాచ్‌లకు ఈ పాఠాన్ని చివర్లో కాకుండా ద్వితీయా విభక్తి చెప్పిన వారమే మొదలుపెడుతున్నాను. అప్పటికి వాళ్లకు పత్రిక చదివే మాటల బలం ఉండదు కాబట్టి చెట్టు, లారీ, బైక్ చాలు. 'పై', అంకెలు, 'అందరికీ' తర్వాత ఎప్పుడో వస్తాయి. 'చెక్' లాంటివి ఇంకా వెనక్కి నెట్టాను.